మనోవ్యాధి ఉన్న ఇంటిని సంగీత నాటకంగా రాయడం

గుంటూరులో ఒక పరిషత్తు పోటీ కోసం గంటంబావు సంగీత నాటకం రాస్తున్నానన్నారు. అరండల్‌పేటలో ఒక ఇల్లు. తల్లికి బైపోలార్ డిజార్డర్, అంటే కొన్నాళ్లు పట్టరాని ఉద్రేకం, కొన్నాళ్లు లోతైన కుంగుబాటు వచ్చిపోయే మానసిక జబ్బు. తండ్రి మిర్చి యార్డులో గుమస్తా. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. మీరు అడిగినవి మూడు. విదేశీ మ్యూజికల్స్‌లో మానసిక వ్యాధినీ కుటుంబాన్నీ ఎలా చూపించారు, వాటి నుంచి మనం ఏం తీసుకోవచ్చు? జబ్బు మనిషి నోట పాట పెడితే జబ్బును అందంగా చూపించినట్టు అవుతుందా? చివరికి ఆ తల్లి ఏమవ్వాలి?

నేను విజయవాడలో మానసిక వైద్యుణ్ణి. పద్యనాటకాలు వింటూ పెరిగాను, పరిషత్తు పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. రెండు వైపుల నుంచీ చెప్పగలిగింది చెబుతాను.

ముందు రెండో ప్రశ్న తీసుకుంటాను. అవును, పాట దేన్నైనా అందంగా చేస్తుంది. ఏడుపు కూడా శ్రుతిలో పడగానే వినబుద్ధవుతుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రలో కాటిసీను తలుచుకోండి. పాము కాటుకు పోయిన లోహితాస్యుణ్ణి ఒళ్లో పెట్టుకుని చంద్రమతి పద్యం ఎత్తుకుంటే, తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలోనైనా పల్లెటూరి పందిట్లోనైనా జనం కళ్లు తుడుచుకుంటూనే వన్స్ మోర్ అంటారు. నటి మళ్లీ పాడుతుంది, రాగం ఇంకాస్త సాగదీస్తుంది. అందులో తప్పేమీ లేదు. బిడ్డ పోయిన దుఃఖం ఎవరికి చెప్పినా అర్థమయ్యే దుఃఖం. చూసేవాళ్లు తమ బాధను కూడా ఆ పద్యంలో కలిపి ఏడ్చి తేలికపడతారు.

మనోవ్యాధి దగ్గర మాత్రం ఇదే పద్ధతి దెబ్బతీస్తుంది. మన రంగస్థలానికి మతి చెదిరిన మనిషి కొత్త కాదు. నాట్యశాస్త్రం చెప్పిన 33 సంచారి భావాల్లో ఉన్మాదం ఉంది, అపస్మారం ఉంది, వ్యాధి ఉంది, చింత ఉంది. కానీ సంచారి అంటే వచ్చి పోయేది. ఒక రసానికి బలం ఇచ్చి తప్పుకుంటుంది. సీత కోసం రాముడు చెట్టునూ పుట్టనూ అడిగినా, కూచిపూడి భామాకలాపంలో సత్యభామ విరహంతో వేగిపోయినా, అది ఆ ఘట్టం వరకే. మీ కథలో తల్లి జబ్బు అలాంటిది కాదు. కాన్పు తర్వాత ఒకసారి వచ్చింది, ఆడపడుచు పెళ్లప్పుడు మరోసారి వచ్చింది, మధ్యలో ఏళ్లకేళ్లు లేదు, మళ్లీ వచ్చింది. దాన్ని జుట్టు విరబోసుకున్న ఒకే ఒక్క సీనుగా రాస్తే నటికి బహుమతి రావచ్చు. ఆ జబ్బుతో బతుకుతున్న ఇల్లు మాత్రం వేదిక ఎక్కదు.

అందుకే నా సలహా మొత్తం ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. సంగీతంలో మీకు పనికొచ్చే బలం పల్లవి తిరిగి తిరిగి రావడంలో ఉంది. వచన నాటకంలో ఒకే సంభాషణ నాలుగుసార్లు వస్తే జనం విసుక్కుంటారు. పాటలో అదే పల్లవి నాలుగోసారి వచ్చినప్పుడు దాని అర్థం మారి ఉంటుంది. “మాత్ర వేసుకున్నావా?” అని భర్త మొదటి రంగంలో ప్రేమగా పాడతాడు. రెండో రంగంలో అలవాటుగా, మూడో రంగంలో అనుమానంతో, నాలుగో రంగంలో భయంతో పాడతాడు. మాటలు అవే, వరుస అదే. నా దగ్గరికి వచ్చే కుటుంబాల జీవితం అచ్చం ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో మానసిక చికిత్సను కథ మధ్యలో పెట్టిన పాత మ్యూజికల్ ‘లేడీ ఇన్ ద డార్క్’. 1941లో వచ్చింది. నాటకం మాస్ హార్ట్‌ది, సంగీతం కుర్ట్ వైల్‌ది, పాటలు ఐరా గెర్ష్విన్‌వి. పత్రిక నడిపే ఒక స్త్రీ ఏ నిర్ణయమూ తీసుకోలేని దిగులులో పడి మనోవిశ్లేషకుడి దగ్గరికి వెళుతుంది. హార్ట్ స్వయంగా అలాంటి చికిత్స చేయించుకున్నవాడు. అందులో నాకు నచ్చిన సంగతి సంగీతాన్ని ఎక్కడ వాడారన్నది. మామూలు జీవితం దాదాపు అంతా వచనంలో నడుస్తుంది, కలల్లోనే సంగీతం విరగబూస్తుంది. చిన్నప్పటి పాట ఒకటి ఆమెకు సగం గుర్తుంటుంది, అది పూర్తిగా నోటికి వచ్చేసరికి కథ ముడి వీడుతుంది. చిన్ననాటి గుట్టు దొరకగానే జబ్బు నయమైపోతుందన్న నమ్మకం ఆ కాలానిది. అది మీరు తీసుకోవద్దు. బైపోలార్‌కు అలాంటి తాళంచెవి లేదు. ఎవరు పాడాలి, ఎప్పుడు పాడకూడదు అన్న లెక్క మాత్రం తప్పకుండా తీసుకోండి.

1979 నాటి మ్యూజికల్ ‘స్వీనీ టాడ్’లో పిచ్చాసుపత్రి సీను ఉంది. సంగీతంగా స్టీఫెన్ సోండ్‌హైమ్ పని చాలా గొప్పది. కానీ అక్కడి రోగులకు పేరు లేదు, గతం లేదు, భయపెట్టడానికి ఒక గుంపు, అంతే. మన సినిమాల్లో ఎర్రగడ్డ ఆసుపత్రి అనగానే నవ్వించేదీ, చినవాల్తేరు ఆసుపత్రి పేరు చెప్పి బెదిరించేదీ ఇదే గుంపు. దీని గురించి ఇంతకన్నా చెప్పడం దండగ.

మీరు తప్పక చదవాల్సింది ‘నెక్స్ట్ టు నార్మల్’. సంగీతం టామ్ కిట్, కథా పాటలూ బ్రయన్ యార్కీ. 1998లో పది నిమిషాల చిన్న రూపంగా మొదలైంది. అప్పట్లో దాని విషయం కరెంటుతో ఇచ్చే షాక్ ట్రీట్‌మెంట్ (ఈసీటీ) ఒక్కటే. పదేళ్లపాటు దిద్దీ దిద్దీ, వైద్యం మీద గురి తగ్గించి కుటుంబాన్ని మధ్యకు తెచ్చారు. 2009లో బ్రాడ్‌వేకి వచ్చింది, 2010లో నాటక విభాగంలో పులిట్జర్ బహుమతి అందుకుంది. డయానా అనే తల్లి, డాన్ అనే భర్త, నటాలీ అనే కూతురు, గేబ్ అనే కొడుకు. మొదటి పాటలో పొద్దున్నే ఇల్లంతా హడావిడి. తల్లి అందరికీ శాండ్‌విచ్‌లు చేస్తూ ఉంటుంది. చేస్తూనే ఉంటుంది. బల్ల నిండిపోతుంది, కుర్చీలు నిండుతాయి, చివరికి నేల మీద పరుస్తుంది. పాట ఆగదు, ఆమె చేతులూ ఆగవు. ఒక్క అరుపు లేదు, జుట్టు విరబోసుకోవడం లేదు. చూస్తున్నవాళ్లకు మాత్రం కడుపులో టెన్షన్ మొదలవుతుంది. జబ్బును నాటకం చేయడమంటే ఇది.

కాస్త ముందుకు వెళ్లాక తెలుస్తుంది, ఆ కొడుకు పసివాడిగా ఉన్నప్పుడే చనిపోయాడని. పద్దెనిమిదేళ్ల కుర్రాడిగా తల్లికి ఒక్కదానికే కనిపిస్తున్నాడు, అదీ హుషారుగా, నేను బతికే ఉన్నానంటూ పాడుతూ. కూతురేమో అన్నయ్య సూపర్‌బాయ్, నేను ఎవరికీ కనిపించని అమ్మాయిని అని పాడుతుంది. పియానోలో, చదువులో అన్నిట్లో ముందుండే ఆ పిల్ల మెల్లగా తల్లి మాత్రలు మింగడం మొదలుపెడుతుంది. భర్త ఓర్పుకు మారుపేరులా కనిపిస్తాడు, భార్య ఆసుపత్రిలో ఉంటే ఒంటరిగా ఇల్లు శుభ్రం చేస్తూ పాడతాడు. ఇన్నేళ్లుగా కొడుకు పేరు ఒక్కసారి కూడా నోట రానివ్వనిది మాత్రం ఆయనే. చివర్లో భార్య వెళ్లిపోయాక గానీ ఆ పేరు పలకడు. పలికిన క్షణంలో కొడుకు ఆయనకూ కనిపిస్తాడు.

ఇక్కడ చంద్రమతిని మళ్లీ గుర్తు చేసుకోండి. ఆమె బిడ్డ పేరు పిలిచి ఏడ్చింది, కాటికాపరితో వాదించింది, ఎదుటి మనిషిని గుర్తుపట్టింది. ఎంత ఘోరమైనా అది ఆరోగ్యవంతుల దుఃఖం. డయానా ఇంట్లో ఆ ఏడుపే జరగలేదు. మన ఇళ్లలోనూ పోయిన బిడ్డ ఊసు ఎత్తొద్దని పెద్దవాళ్లు కట్టడి చేస్తారు, తల్లి మనసు పాడవుతుందని. అలా దాచిన మాటే జబ్బు తెచ్చిందని వైద్యుడిగా నేను అనను. జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ ఆ మౌనం పక్కనే కూర్చుని ఉండటం మాత్రం చూశాను.

ఆ నాటకంలో నాకు అభ్యంతరమైనవీ ఉన్నాయి. డాక్టరు మందులు మారుస్తూ పోతాడు, ఆమె చివరికి నాకు ఏమీ అనిపించడం లేదంటుంది, ఆయన రోగి స్థిరంగా ఉందని రాసుకుంటాడు. జనం నవ్వుతారు. ఆ నవ్వులో నిజం ఉంది, మా వృత్తిలో అలాంటి వాళ్లు ఉన్నారు. కానీ షాక్ ట్రీట్‌మెంట్ తర్వాత ఆమెకు పంతొమ్మిదేళ్ల జ్ఞాపకాలు చెరిగిపోయినట్టు చూపించడం రంగస్థలం అవసరం కోసమే. ఈసీటీ ఇచ్చిన రోజుల చుట్టూ జరిగినవి మరిచిపోవడం మామూలే, కొందరికి అంతకు ముందువీ కొన్ని పోతాయి. ఒక జీవితమే తుడిచిపెట్టుకుపోవడం సాధారణంగా జరగదు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని నిషేధించింది. మీ నాటకంలో చేతులు కట్టేసి, పళ్ల మధ్య గుడ్డ పెట్టి, లైట్లు ఆర్పి వెలిగించే సీను ఉంటే తీసేయండి. ఆ సీను చూసి చికిత్స మానుకున్న కుటుంబం హాల్లో ఒక్కటి ఉన్నా మీ కష్టమంతా ఎదురు తిరిగినట్టే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. మన కథలు ఆ జనం మధ్యకే వెళుతున్నాయి.

2016లో బ్రాడ్‌వేకి వచ్చిన ‘డియర్ ఎవాన్ హాన్సెన్’ మరో పాఠం. మనుషుల్లో కలవలేని తీవ్రమైన ఆందోళన ఉన్న ఒక కుర్రాడు, ఆత్మహత్య చేసుకున్న తోటి విద్యార్థికి తాను ప్రాణస్నేహితుణ్ణని అబద్ధం చెబుతాడు. పాటలు గుండె పట్టుకుంటాయి. పట్టుకుంటాయి కాబట్టే ఆ పోయిన పిల్లాడి తల్లిదండ్రులకు జరిగిన అన్యాయాన్ని మనం మరిచిపోతాం. జబ్బు ఉంది గనుక తప్పు లేదన్నట్టు పాట వాదించకూడదని నా గట్టి అభిప్రాయం. మీ కథలో తల్లి ఉద్రేకంలో ఉన్నప్పుడు కూతురి ఫీజు డబ్బు తీసి పట్నం బజారులో చీరలకు పోసింది కదా. అది జబ్బు చేయించిన పనే. కూతురికి జరిగిన నష్టమూ నిజమే. రెండూ పాటలో ఉండాలి. అదే నాటకంలో ఎవాన్ తల్లి పాట ఒకటి ఉంది, తండ్రి ఇల్లు వదిలి వెళ్లిన రోజు గురించి కొడుకుకు చెప్పేది. ఆడంబరం ఏమీ లేని ఆ పాట మొత్తం కథ కంటే నిజాయితీగా నాకు అనిపిస్తుంది.

‘ఫన్ హోమ్’ అనే మ్యూజికల్ నేరుగా జబ్బు గురించినది కాదు. అయినా కూతురి పాత్రను మూడు వయసుల్లో ముగ్గురు నటులతో ఒకేసారి వేదిక మీద ఉంచిన పద్ధతి చూడండి. పెద్దయిన కూతురు తన ఇంటిని తానే చూసుకోవడం మీ కథకు పనికొస్తుంది.

ఇక సంగీతం. ఈ విషయం మీ హార్మోనిస్టుతో కూర్చుని తేల్చుకోవాలి, నేను వినేవాణ్ణిగా చెబుతున్నాను. ఉద్రేక దశకు అపస్వరాలు, డప్పుల మోత పెట్టకండి. మేనియా, అంటే ఈ ఉద్రేకం, మొదట్లో చాలా బాగుంటుంది. మనిషి చలాకీగా ఉంటుంది, రెండు గంటలు నిద్రపోయి కూడా అలిసిపోదు, అందరినీ నవ్విస్తుంది, మామిడికాయలు తెచ్చి ఇల్లంతా పచ్చళ్లు పెట్టేస్తుంది. చుట్టాలు ఎంత బాగా తేరుకుందో అంటారు. కాబట్టి మోహన రాగంలో హాయిగా మొదలుపెట్టండి. రాగం మార్చకండి, కాలం పెంచండి. మధ్యమ కాలం నుంచి ద్రుతానికి, అక్కడి నుంచి ఇంకా ముందుకు. ఒక చరణం ముగియకుండానే మరో చరణం రావాలి. చప్పట్లు కొట్టడానికి సందు దొరకకూడదు, వన్స్ మోర్ అనడానికి అసలే దొరకకూడదు. మేనియా అనాలంటే కనీసం వారం రోజులు ఇలా సాగాలి. రాత్రి మూడింటికి బంధువులకు ఫోన్లు వెళ్లేసరికి ఇంట్లో వాళ్ల ముఖాలు మాడిపోయి ఉంటాయి. ఆ ముఖాలు వేదిక మీద కనిపించాలి.

కుంగుబాటు దశకు ముఖారి, శివరంజని ఎత్తుకోవడం మనవాళ్లకు అలవాటు. నేనైతే వద్దంటాను. ఆ రాగాల్లో ఏడుపు పొంగుతుంది. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషి నాతో ఎక్కువగా చెప్పేది ఏడుపు కూడా రావడం లేదనే. పొద్దున లేచి పళ్లు తోముకోవడం కొండ ఎక్కినట్టు ఉంటుంది. అక్కడ పల్లవి మొదటి పాదం మాత్రం పాడించండి. రెండో పాదం రాదు. హార్మోనియం ఎదురుచూస్తుంది. భర్త ఆ పాదం అందుకోబోయి సగంలో ఆగిపోతాడు. ఇంటి పనులు చకచకా చక్కబెట్టే ఆ మోహన వరుసే ఇక్కడ విళంబంలో, ముక్కలుగా వస్తే చాలు. చూసేవాళ్లకు పోలిక దానంతటదే తెలుస్తుంది.

భార్యాభర్తల మధ్య వాదానికి మన దగ్గర మంచి పనిముట్టు ఉంది. తిరుపతి వెంకటకవుల రాయబారం సీనులో పద్యానికి పద్యం ఎలా జవాబిస్తుందో మీకు తెలుసు. మాత్రలు మానేస్తానని ఆమె, వీల్లేదని ఆయన. ఆమె వాదంలో బలం ఉండాలి, లేకపోతే అది ఉపన్యాసం అయిపోతుంది. ఈ జబ్బుకు ఇచ్చే లిథియం మాత్రలు వేసుకుంటే చేతులు వణకవచ్చు, దాహం వేస్తుంది, ఒళ్లు పెరగవచ్చు. పేరంటంలో కాఫీ గ్లాసు అందించేటప్పుడు చెయ్యి వణికితే పక్కింటావిడ చూస్తుంది. ఇవి చిన్న బాధలు కావు. ఆయన వాదంలో కూడా బలం ఉండాలి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం గుణాన్ని బయటపెట్టినప్పటి నుంచి ఈ జబ్బులో ప్రాణాలు నిలిపిన మందుల్లో అది ముందుంది. రక్తంలో మోతాదు పరీక్ష చేయిస్తూ, కిడ్నీ, థైరాయిడ్ చూసుకుంటూ వాడాలి. ఇంకో సంగతి, ఇది మన ఊళ్లకే సరిగ్గా సరిపోతుంది. మే నెల ఎండలో నీళ్లు తాగకపోయినా, నిర్జల ఉపవాసం ఉన్నా ఒంట్లో నీరు తగ్గి రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరగవచ్చు. ఏకాదశి ఉపవాసం గురించి అత్తగారికీ కోడలికీ మధ్య సీను రాస్తే, అందులో ఎవరూ దుర్మార్గులు కాకుండానే ప్రమాదం ముంచుకురావచ్చు. అత్తగారు కోడలి మేలు కోరే ఉపవాసం ఉండమంటుంది. నాకు అలాంటి సీనులంటే ఇష్టం.

గాలి సోకిందనీ, పెళ్లి చేస్తే తగ్గిపోద్దనీ అనే పాత్రలను వెక్కిరించేలా రాయొద్దు. వాళ్లు భయపడిన మనుషులు.

మూడో ప్రశ్న, తల్లి చివరికి ఏమవ్వాలి? పరిషత్తు నాటకాల్లో జబ్బు మనిషిని చివర్లో చంపేయడం రివాజు అయిపోయింది. చంపొద్దు. ముఖ్యంగా ఆత్మహత్యగా చూపించొద్దు. కథకు ఆ ప్రయత్నం తప్పదనుకుంటే ఎలా చేసుకుందో చూపించకండి, చెప్పించకండి, దానికి విడిగా పాట పెట్టకండి. పూర్తిగా నయమైపోయినట్టూ చూపించొద్దు. ఇది బీపీ, షుగర్ లాగా ఏళ్ల తరబడి చూసుకోవాల్సిన జబ్బు. మధ్య మధ్య మంచి కాలాలు ఉంటాయి, ఆ కాలాల్లో ఆ తల్లి ఎవరికీ తీసిపోదు.

‘నెక్స్ట్ టు నార్మల్’ ముగింపు మాత్రం ఎత్తుకు రావొద్దు. అక్కడ డయానా భర్తను వదిలి తన తల్లిదండ్రుల దగ్గరికి వెళుతుంది. అమెరికాలో అది ఆమె సొంత నిర్ణయంగా, స్వేచ్ఛగా కనిపిస్తుంది. గుంటూరులో ఒక ఆడమనిషి జబ్బుతో పుట్టింటికి చేరితే జనానికి అర్థమయ్యేది ఒక్కటే, అత్తవారు వదిలించుకున్నారని. మానసిక వ్యాధిని చూపించి 1955 హిందూ వివాహ చట్టం కింద విడాకులకు వెళ్లిన కుటుంబాలు ఉన్నాయి. హాల్లో కూర్చున్న ఎవరో ఒకరి అక్కో చెల్లెలో అలా వచ్చి ఉంటుంది. అదే అడుగు ఇక్కడ సరిగ్గా తలకిందులుగా కనిపిస్తుంది.

దాని బదులు ఒక సీను సూచిస్తాను. 2017 చట్టం ప్రకారం మనిషి బాగున్న రోజుల్లోనే ఒక ముందస్తు పత్రం రాసి పెట్టుకోవచ్చు. నాకు మళ్లీ జబ్బు తిరగబెడితే ఎలాంటి చికిత్స కావాలి, ఏది వద్దు, నా తరఫున మాట్లాడే ప్రతినిధి ఎవరు అని. సాక్షుల సంతకాలతో రాసి, మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డులో నమోదు చేయించాలి. ఇది మనవాళ్లలో చాలా తక్కువ మందికి తెలుసు. మీ చివరి రంగంలో తల్లి బాగున్న రోజున కాగితం ముందేసుకుని కూర్చుంటుంది. భర్త ఆ ప్రతినిధి తానేనని అనుకుంటాడు. కూతురు తన పేరు రాయమంటుంది, ఇన్నాళ్లూ అమ్మను చూసుకున్నది తనే కదా. ప్రతినిధి మైనరు అయి ఉండకూడదని చట్టం. పిల్లకు పద్దెనిమిది నిండలేదు. “నీకు ఇంకా వయసు రాలేదమ్మా, ఇది నీ పని కాదు, నువ్వు చదువుకో” అని తల్లి అనగలిగితే, నాటకం మొత్తంలో మొదటిసారి ఆమె తల్లిగా ఒక బరువు దించినట్టు అవుతుంది. ఎవరి పేరు రాస్తుందన్నది మీరు తేల్చండి. నా మనసులో ఆడపడుచు ఉంది, ఎందుకంటే ఆమె పెళ్లి పందిట్లోనే జబ్బు బయటపడి గొడవ జరిగింది, అప్పటి నుంచి మాటలు లేవు. మొదటి రంగంలోని భర్త పల్లవి ఇక్కడ ఆఖరిసారి రావాలి, ఈసారి ఆ ప్రశ్న ఆమే తనను తాను అడగాలి.

రిహార్సల్స్ మొదలయ్యే ముందు ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్లలో ఒకరినైనా, వాళ్ల ఇంటి మనుషుల్లో ఒకరినైనా కూర్చోబెట్టి స్క్రిప్టు చదివి వినిపించండి. వాళ్లు అనుమతిస్తేనే వాళ్ల జీవితంలోని సంగతులు వాడండి. ప్రదర్శన అయ్యాక పాత్రధారుల పేర్లు చదివేటప్పుడు టెలిమానస్ నంబరు 14416 కూడా మైకులో చదివించండి. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడవచ్చు. లిథియం, ఆసుపత్రి సీనులు రాయడం అయ్యాక నాకు పంపండి, మందుల వివరాలు సరిచూసి చెబుతాను.